తూకము ఎవరి చేతిలో నున్నది?



ఈ మధ్య మన సంఘములకు క్రొత్త రకపు ఆహ్వాన పత్రికలు వచ్చుచున్నవి. అవి ఉజ్జీవ కూటములకు కావు, స్వస్థత సభలకును కావు. సేంద్రియ పంటల సంత అని ఒకటి, చిరుధాన్యముల మేళా అని మరియొకటి, ప్లాస్టిక్కు లేని జీవనము అని ఇంకొకటి. న్యాయమైన వ్యాపారము, భూమికి హాని చేయని బ్రతుకు అను మాటలు వాటిమీద పెద్ద అక్షరములతో నుండును. మన యువజనులు వాటికి వెళ్లి వచ్చి, "అయ్యగారూ, మన సంఘము తరపున కూడ ఒక దుకాణము పెట్టుదమా?" అని అడుగుచున్నారు. పెద్దలలో కొందరు ఇది లోకసంబంధమైన సందడి యని త్రోసివేయుదురు. మరికొందరు ఒక గుడ్డసంచి కొని భుజమున వేసికొని, అంతటితో భూమి బాగుపడెనన్న సంతోషముతో ఇల్లు చేరుదురు.

పుస్తకము అచ్చయినప్పుడు దాని గుణదోషములు ఎంచి పత్రికలో వ్రాయుట వాడుక. సంతను గూర్చి ఎవరును అట్లు వ్రాయరు. మెచ్చుకొనుటయో మానివేయుటయో తప్ప, కూర్చుండి తూచి చూచుట లేదు. ఆ పని కొంచెము ఇక్కడ చేయదలచితిని. ఏ మేళాను చూచినను నేను అడుగు ప్రశ్న ఒక్కటే: కాంటా ఎవరి చేతిలో నున్నది? ధర చెప్పు నోరు ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు దొరకనిచోట వెదురు పందిళ్లును, విస్తరాకులలో వడ్డించిన కొర్రన్నమును నన్ను ఒప్పింపలేవు.

బోధను వారికి ఒక సంగతి చెప్పవలెను. కొనువాడు తాను కొను వస్తువు వెనుక నున్న అన్యాయమును గూర్చి ఆలోచింపవలెనను తలంపు, వేలాది సామాన్యుల ఇండ్లలో ప్రవేశించినది చక్కెర మూలముననే. 1791లో బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిలుపు ప్రతిపాదనను ఓడించెను. ఆ సంవత్సరమే విలియం ఫాక్సు అను ఆయన ఒక కరపత్రము ప్రచురించెను. వెస్టిండీసు దీవులలో బానిసలు పండించిన చెరుకు నుండి వచ్చిన చక్కెరను, రమ్మును ముట్టవద్దని అందులోని విన్నపము. సుమారు 3 లక్షల మంది చక్కెర మానివేసిరని థామస్ క్లార్క్‌సన్ అంచనా కట్టెను. ఓటు లేని స్త్రీలు తమ వంటయింటినే చట్టసభగా చేసికొనిరి. 1792లో విలియం కేరీ, అన్యదేశములలో సువార్త పనిని గూర్చి వ్రాసిన తన చిన్న గ్రంథములో ఈ సంగతి ఎత్తి, చక్కెర మానిన కుటుంబమునకు వారమునకు ఆరు పెన్నీలో షిల్లింగో మిగులునని లెక్కవేసి, ఆ మిగులు సొమ్ము మిషను పనికి రావచ్చునని సూచించెను. వంటింటి లెక్కను అంత నిక్కచ్చిగా వేసిన మిషనెరీ అరుదు! జాన్ వెస్లీ తాను చనిపోవుటకు కొద్ది దినములు ముందు, 1791 ఫిబ్రవరిలో, విల్బర్‌ఫోర్సునకు వ్రాసిన ఉత్తరము కూడ బానిసత్వమును గూర్చినదే. మెదకు, నిజామాబాదు సీమలలో మన సంఘములకు విత్తనము వేసినది వెస్లియను మిషను గదా. కనుక ఇది పరాయివారి కథ కాదు.

అయినను ఆ మంచివారిని కూడ కాంటామీద ఎక్కించి చూడవలెను. వెస్టిండీసు చక్కెర మానినవారిలో అనేకులు దానికి బదులు ఈస్టిండియా చక్కెర కొనిరి. ఇది బానిసలు చేసినది కాదు అని వ్రాసిన చక్కెర గిన్నెలు కూడ తరువాతి కాలమున అమ్ముడుపోయెను. ఈస్టిండియా యనగా మనమే. మన దేశములో చెరుకు నరికినవానికి, గానుగ త్రిప్పినవానికి ఏమి దక్కెనో ఆ గిన్నె చెప్పదు. ఈ దేశమున బానిసత్వమునకు చట్టబలము తీసివేసిన శాసనము 1843లో గాని రాలేదు. కొనువాని మనస్సాక్షి శుభ్రమైనంత మాత్రమున పండించినవాని కడుపు నిండదు. ఇన్నేండ్లు గడచినను నేటి మేళాలలో అనేకము ఆ గిన్నె దగ్గరనే ఆగియున్నవి.

మన సీమలోని చక్కెర కథ మీకు తెలిసినదే. మంజీరకు అడ్డముగా కట్టిన నిజాంసాగరు 1931లో పూర్తి యాయెను. ఆ నీటిని నమ్ముకొని 1937లో బోధను ప్రక్కన శక్కర్‌నగరులో నిజాము చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఒకప్పుడు అది ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో దాని అధిక భాగము ప్రైవేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరులో గానుగ ఆగెను. చెరుకు వేసిన చేలలో వరియు, సోయాయు వచ్చెను. ఆ కూత వినక కార్మికుల క్వార్టర్లలో ఎట్లు ప్రొద్దుపుచ్చిరో, ఆ క్వార్టర్లలో ప్రార్థన కూటములు నడపినవారిని అడిగిన చెప్పుదురు.

ఇక్కడ ఒక మాట. న్యాయమైన ధర అనునది పట్నపు మేళాలలో పుట్టిన క్రొత్త సంగతి అనుకొనవద్దు. చెరుకు విషయమై మన దేశమున 1966 నుండి ఒక ఉత్తర్వున్నది. చెరుకు అప్పగించిన 14 దినములలో రైతుకు సొమ్ము చెల్లింపవలెను. ఆలస్యమైన 100కి 15 చొప్పున వడ్డీ కట్టవలెను. కేంద్ర ప్రభుత్వము ఏటేట ధర నిర్ణయించును. 2025-26 పంటకాలమునకు 10.25 శాతము రికవరి గల చెరుకునకు క్వింటాలు ఒకటికి 355 రూపాయలు. వ్రాత యందు ఇంతకంటె న్యాయమైన వ్యాపారము ఏమి కావలెను? కాని బండి తూచు కాంటా ఫ్యాక్టరీ ఆవరణలో నున్నది. రికవరి లెక్క లోపలి గదిలో తేలును. రైతు ఆ కాగితమును చేతికి ఇచ్చినప్పుడు చూచును. మరియు చెరుకునకు ధర గట్టిన ఆ ఉత్తర్వు, కొడవలి పట్టి చెరుకు నరికిన ఆలుమగల కూలిని గూర్చి పలుకదు. వడ్లు కొను కేంద్రములో బస్తాకు ఇంతయని కోసివేయు తరుగు సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఆమోసు ప్రవక్త తన గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో మోసపు త్రాసులను గూర్చి గర్జించినప్పుడు, అతడు వర్ణించినది ఇట్టి అంగడినే.

ఇప్పుడు బోధను విడచి దక్షిణముగా, బాన్సువాడ, నారాయణఖేడు దాటి జహీరాబాదు సీమకు నాతోకూడ రండి. కాలువ నీరు లేని మెట్టనేల అది, వానమీదనే పంట. అక్కడ పస్తాపూరు కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ 1983 నుండి పనిచేయుచున్నది. ఊరూర పేద స్త్రీల సంగములు దాని బలము. వారిలో చాలమంది దళిత స్త్రీలు. ఏటేట సంక్రాంతికి వారు పాత పంటల జాతర మొదలుపెట్టుదురు. ఎడ్లబండ్లను అలంకరించి, కుండలలోను బుట్టలలోను పదుల రకముల విత్తనములు నింపి, డప్పు వాయించుచు, పాటలు పాడుచు, దాదాపు నెలదినములు ఊరినుండి ఊరికి తిరుగుదురు. పచ్చజొన్న, తెల్లజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, అనుములు, కంది, కుసుమ, అవిసె: మన నాయనమ్మల నోట వినిన పేర్లన్నియు ఆ బండ్లమీద కనబడును. బండి ఆగినచోట సభ. ఏ విత్తనము ఏ నేలకు సరిపడును, ఏది వానలు ఎగ్గొట్టినను నిలుచును, ఏది పశువుల మేతకు మంచిది, ధర ఎట్లున్నది అని ఆ స్త్రీలే మాటలాడుదురు. అధికారులును, పండితులును వచ్చిన యెడల క్రింద కూర్చుండి విందురు.

నేను చదివిన మేళాలన్నిటిలో దీనికి మొదటి స్థానమిత్తును. కారణము డప్పులు కావు, బండ్ల సొగసు కాదు. సంత జనమును పిలుచుట వాడుక. ఇది జనము దగ్గరకు పోవుచున్నది. బస్సు చార్జీ లేని ముసలమ్మకు కూడ ఇది అందును. అక్కడ ప్రదర్శించు వస్తువు తినివేసిన అయిపోవు తినుబండారము కాదు, మరుసటి ఏడు మరల మొలచు విత్తనము. దానిని ఇచ్చినది కంపెనీ కాదు గనుక ఏటేట కొనవలసిన అప్పు లేదు.

అంతకంటె గొప్ప సంగతి జాతర వెనుక నున్నది. చూచువారి కంటికి ఆనదు. 1990వ దశకములో ఆ సంగముల స్త్రీలు తమ ఊళ్లలో బీడుపడిన చేలను లెక్కించిరి. దున్నుటకు, ఎరువు వేయుటకు ఆ చేల రైతులకు బదులు ఇచ్చి, ఆ బదులును రూకలలో కాక జొన్నలలో తీర్చుమనిరి. ఆ జొన్నలు ఊరిలోనే నిలువచేసి, కరవు నెలలలో పేద ఇండ్లకు అంగడి ధరకంటె తక్కువకు అమ్మిరి. పేదవారు ఎవరు, మిక్కిలి పేదవారు ఎవరు అను సంగతి మండల కార్యాలయము తేల్చలేదు. ఊరివారే నేలమీద ఊరి పటము గీచికొని, ఇంటింటిని ఎంచి, అందరియెదుట నిర్ణయించిరి. ముందు తమ ఊరి గంజికుండ నింపిరి, తరువాత అంగడికి పోయిరి. ఈ వరుస తప్పలేదు గనుకనే ఆ జాతరకు బరువున్నది. 2008లో వారికి సొంత రేడియో వచ్చెను, 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమానము వచ్చెను. ఈ పనికి మొదటినుండి తోడుగా నిలిచిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కాలధర్మము చెందిరి. ఆయన పోయినను విత్తనపు కుండలు స్త్రీల ఇండ్లలోనే యున్నవి.

దోషము లేదా? ఉన్నది. పాత పంటలను పొగడు పాటలలో రోకలి బరువు కొంచెము మరుగుపడును. కొర్రలు, సామలు పొట్టు తీయుట ఎంత పనియో దంచినవారికే తెలియును. రేషను బియ్యము వచ్చినప్పుడు మన తల్లులు సంతోషించినది సోమరితనము చేత కాదు, భుజములు నొచ్చి. 2025 ఏప్రిలు నుండి మన రాష్ట్రమున రేషను కార్డువారికి మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా ఇచ్చుచున్నారు. ఉచితముగా వచ్చిన సన్నబియ్యము ఇంట నుండగా, కొర్రలు తినుమని చెప్పువాడు పొట్టు తీయు మర ఎక్కడ నున్నదో కూడ చెప్పవలెను. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన నాటినుండి పట్నపు హోటళ్లలో కూడ కొర్రలకు గౌరవము కలిగెను. గౌరవముతోకూడ ధరయు పెరిగినచో దంచు చేతులకు ఏమి వచ్చెనో ఆ హోటలువారు చెప్పరు. మర లేని ఊరిలో చిరుధాన్యముల మహిమను గూర్చి ప్రసంగించు పురుషుడు, ముందు ఒక మానెడు సామలు తానే దంచి రావలెనని నా మనవి.

ఇక పట్టణపు మేళాలకు వత్తము. వీటిలో నేను చూచినదానిని ఒకదానిని చెప్పెదను, ఊరు పేరెందుకు? చక్కగా కట్టిన దుకాణములు, మట్టి కప్పులలో చాయ్. ఒక బల్లమీద పసుపు పొట్లములు. పొట్లము మీద తలపాగా చుట్టుకొని నవ్వుచున్న రైతు బొమ్మ. ఇది ఏ ఊరి పసుపు అని అడిగితిని. అమ్ముచున్న చిన్నది మర్యాదగా, "సేంద్రియ పసుపండీ" అనెను. ఊరు అడిగితినమ్మా అంటిని. ఆమెకు తెలియదు. ఆ బిడ్డ తప్పేమియు లేదు. ఆమెకు ఎవరును చెప్పలేదు. కాని నిజామాబాదు సీమలో నిలుచుండి పసుపు అమ్ముచు ఊరి పేరు చెప్పలేని మేళా, న్యాయ వ్యాపారమను మాటను ఏ ముఖముతో పలుకును?

పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టి, కాడి వేరు గోళ వేరు చేసి యార్డుకు తెచ్చిన తరువాత ధర చెప్పువాడు ఖరీదుదారు. రైతు గుట్ట ప్రక్కన నిలుచుండి వినును. ఈ బాధ ఎంత ముదిరెనో 2019 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతయు చూచెను. పసుపునకు, ఎర్రజొన్నకు తగిన ధర కావలెనని 178 మంది రైతులు నిజామాబాదు స్థానమునకు అభ్యర్థులుగా నిలిచిరి. మొత్తము 185 పేర్లు. ఒక్కొక్క పోలింగు గదిలో 12 ఓటు యంత్రములు వరుసగా పెట్టవలసి వచ్చెను. వారు అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభింపబడెను, దాని కేంద్ర కార్యాలయము ఆ సంవత్సరము జూనులో నిజామాబాదులో తెరువబడెను. బోర్డు వచ్చినంతమాత్రమున గుట్ట ప్రక్కన నిలుచున్నవాని నోట ధర పలుకునా అనునది ఇకమీదట చూడవలసినది. నేను చెప్పవచ్చినది ఇంతే: ఆ 178 పేర్ల వరుస ఏ మేళాకంటెను పెద్ద న్యాయ వ్యాపార ప్రదర్శన.

మంచి ప్రయత్నములను కూడ చెప్పవలెను. దళారి లేకుండ రైతు తానే కూరగాయలు అమ్ముకొనుటకు 1999 జనవరి 26న మొదలైన రైతు బజారులు తలంపులో మిక్కిలి సరియైనవి. కాలక్రమమున రైతు పేరిట వ్యాపారులు బల్లలు పట్టుకొనిరను ఫిర్యాదు తరచు వినబడును. కాంటా మెల్లగా చేయి మారునని దీనివలన తెలియుచున్నది. సేంద్రియ పంట అని ముద్ర వేయించుకొనుటకు పెద్ద సంస్థలకు రుసుము కట్టలేని చిన్న రైతులకొరకు మరియొక పద్ధతి యున్నది. భారత ప్రభుత్వపు పి.జి.ఎస్. అను ఏర్పాటులో ఇరుగుపొరుగు రైతులే గుంపుగా కూడి, ఒకరి చేను ఒకరు చూచి, మందులు కొట్టలేదని సాక్ష్యమిత్తురు. నాకు ఈ పద్ధతి చాల నచ్చినది. ప్రక్క గట్టు రైతుకు తెలియకుండ రాత్రివేళ యూరియా చల్లుట ఎంత కష్టమో మీకు తెలియును! దూరదేశపు ముద్రకంటె ఇద్దరు ముగ్గురు పొరుగువారి నోటిమాట మీద సంగతి స్థిరపడుట మోషే ధర్మశాస్త్రము చదివినవారికి క్రొత్త కాదు.

ఇంతవరకు రైతులను గూర్చియే మాటలాడితిని. కాని మన సంఘములలో భూమి గలవారు ఎందరు? ఆదివారము చాపమీద కూర్చుండు మన అక్కచెల్లెండ్రలో అనేకులు బీడీలు చుట్టువారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారము చుట్టి, వెయ్యి బీడీలకు ఇంతయని కూలి తెచ్చుకొందురు. కార్ఖానాలో బీడీలు చూచువాడు కొన్నిటిని పనికిరావని ప్రక్కకు త్రోయును. ఆ త్రోసినవాటికి కూలి లేదు. ఆకు తక్కువ ఇచ్చి లెక్క పూర్తిగా అడుగుట కలదు. లోటు ఆకు తన డబ్బుతో కొని పూర్తిచేయును. ఇదియు కాంటాయే గదా! వెన్ను వంచి వంచి, పొగాకు దుమ్ము పీల్చి పీల్చి దగ్గు పట్టినవారిని మనమే ప్రార్థనలో పేరుపెట్టి తలంచుచున్నాము. భూమికి హాని చేయని బ్రతుకు అను మేళాలో ఈ అక్క ఏ బల్ల దగ్గర నిలువవలెను? ఆమె చేసిన వస్తువును అక్కడ పెట్టనియ్యరు, పెట్టదగినదియు కాదు. అక్కడి వస్తువు ఆమె కొనలేదు. ఇట్టి స్త్రీకి చోటు లేని సంత ఎంత పచ్చగా నున్నను సగము సంతయే. జవాబు నా దగ్గర సిద్ధముగా లేదు. అయినను ఆ ప్రశ్న అడుగని మేళాను నేను మెచ్చుకొనజాలను.

మన యింటి సంగతి దాచి ఇతరులను విమర్శించుట తగదు. చేతిపని నేర్పి పేద స్త్రీలకు నాలుగు రూకలు దొరకునట్లు చేయుట మిషనులకు పాత అలవాటు. గోదావరి జిల్లాలో నరసాపురము లేసు అట్లే పుట్టినది. 19వ శతాబ్దిలో మిషనెరీలు నేర్పిన ఆ అల్లిక క్రమక్రమముగా పెద్ద ఎగుమతి వ్యాపారమాయెను. 1982లో మారియా మీస్ అను జర్మను దేశపు విదుషీమణి ఆ అల్లికవారిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూచినదేమనగా, ఎగుమతిదారులు మేడలు కట్టిరి; అల్లిన స్త్రీల దినకూలి మాత్రము పొలము కూలికంటెను తక్కువ. ఎందుకు? వారు కూలివారు కారట, ఇంటిపట్టున ఖాళీ వేళలో ఏదో అల్లుకొను గృహిణులట! పనిని పని అని పిలువనప్పుడు దానికి కూలి అడుగు నోరు ఎక్కడనుండి వచ్చును? నేర్పినవారు సూది చేతికిచ్చిరి, కాంటా ఇయ్యలేదు. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది, సంతోషమే. ఊరి పేరునకు గుర్తింపు వచ్చినట్లే అల్లిన చేతికిని రావలెను.

ఇదే సూదిపని వేరొక దారి పట్టుటయు కలదు. 1946లో ఎడ్నా రూత్ బైలర్ అను మెన్నొనైటు స్త్రీ పోర్టోరికో దీవిలో పేద స్త్రీల కుట్టుపని చూచి, దానిని అమెరికాకు తీసికొనిపోయి, స్నేహితురాండ్రకు, సంఘపు స్త్రీలకు అమ్మి, సొమ్ము కుట్టినవారికి చేర్చుట మొదలుపెట్టెను. తన కారు వెనుక పెట్టెయే ఆమె దుకాణము. ఆ పనియే పెరిగి పెరిగి టెన్ థౌజండ్ విలేజెస్ అను పెద్ద సంస్థ ఆయెను. తరువాత 1988లో హాలెండు దేశమున మాక్స్ హావెలార్ అను ముద్ర కాఫీ పొట్లములమీద వచ్చెను; దాని వెనుకను మెక్సికో కొండలలో కాఫీ రైతులతో నివసించిన ఒక పాదిరి యుండెను. ఇవి చెప్పుట మనవారు గొప్పవారని చంకలు గుద్దుకొనుటకు కాదు. నరసాపురములో ఎగుమతిదారు మధ్య నిలిచెను, అక్కడ లెక్క పుస్తకము తెరచియుండెను. తేడా సూదిలో లేదు.

మరి మన సంఘములు మేళాలకు పోవలెనా? పోవలెను. కొనువారుగా మాత్రము పోవద్దు. పట్నపు బల్లమీద పొట్లము 200 రూపాయలు పెట్టి కొనుట మన పని కాదు, మనకు అంత శక్తియు లేదు. పండించువారుగా, అడుగువారుగా పోవలెను. నిర్వాహకులను ఊరి పేరు అడుగుడి. కూలి ఎంత ఇచ్చిరో అడుగుడి. బల్ల అద్దె ఎంతయో అడుగుడి. దినమునకు వేల రూపాయలు అద్దె పెట్టిన మేళాలో కామారెడ్డి బెల్లము వండువాడు నిలువజాలడు, పొట్లములు కట్టువాడే నిలుచును. అడిగినందుకు ఎవరైన మొగము చిట్లించినచో, ఆ మేళా గుణము అక్కడనే తెలిసిపోవును.

అంతకు ముందు ఇంటిదగ్గర ఒక పనియున్నది. మనకు కోతపండుగ కలదు. ప్రథమ ఫలములు, గుమ్మడికాయ, కోడిపుంజు, వడ్లమూట తెచ్చి గుడిలో పెట్టుదుము. ఆరాధన తరువాత ఏలము వేయుదుము. కాంట్రాక్టరు గారు గుమ్మడికాయ 2,000 రూపాయలకు పాడిన చప్పట్లు కొట్టుదుము. మంచిదే, ఆ సొమ్ము గుడి పైకప్పునకు వచ్చును. కాని అది కానుక, వ్యాపారము కాదు. ఆ దినముననే వేపచెట్టు క్రింద ఒక గంటసేపు నిజమైన సంత ఎందుకు నడుపకూడదు? ఒక మంచి కాంటా, దానికి తూనికల శాఖవారి ముద్ర. ఒక నల్లబల్ల. ఎవరి సరుకో, ఏ ఊరిదో, ధర ఎంతయో అమ్మువారే వ్రాయవలెను. చదువు రానివారికి బడిపిల్లలు వ్రాసిపెట్టవచ్చును. పుంటికూర, అనుములు, కోడిగ్రుడ్లు, పసుపు, చెరుకు బెల్లము, జొన్నరొట్టెలు: మన ఊళ్లలో లేనివి ఏవియు అక్కరలేదు. బీడీలు చుట్టు అక్కలలో ఇద్దరు ముగ్గురు కూడి రొట్టెలు కాల్చి తెచ్చిన యెడల, ఆ ఒక్క దినము వారి వస్తువునకు వారే ధర చెప్పుదురు. ఇది వారి ఏడాది కష్టమును తీర్చదు. వెయ్యికి ఇంతయని వినుటకే అలవాటుపడిన నోరు, నాది ఇంతయని పలికి చూచుటకు మాత్రము చోటిచ్చును.

పొలములు గలవారికి మరియొక మాట. మీ చేలో పనిచేయు కూలివారు మీ ప్రక్క చాపమీదనే కూర్చుండువారైన యెడల, సంతలో బల్ల పెట్టకమునుపు యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము తీసి చదువుడి. కోత కూలి ఎన్నడు ఇచ్చితిరో లెక్క చూచుకొనుడి. చెరుకు సొమ్మునకు ఫ్యాక్టరీ మీద 14 దినముల గడువు న్యాయమని మనము వాదించుచున్నాము గదా. మన కూలివానికి ఎన్ని దినముల గడువు?

రాబోవు సంక్రాంతికి జహీరాబాదు సీమలో బండ్లు మరల కదలు వేళ, వీలైన సంఘమునుండి నలుగురైదుగురు కలిసి పోయి రండి. అందులో స్త్రీలు సగమైన ఉండవలెను. ఒట్టి చేతులతో పోవద్దు. మీ అటకమీద, మీ అత్తగారి పాత కుండలో మిగిలిన అనుములో, ఎర్రజొన్నలో దోసెడు గుడ్డలో కట్టుకొని పోయి, వారికిచ్చి, వారి దగ్గర పచ్చజొన్నలు అడిగి తెచ్చుకొనుడి. పొట్టు తీయు మరను గూర్చి కూడ వారిని విచారించి రండి. తెచ్చిన గింజలు ఏ నేలలో వేసితిరో, ఏమి పండెనో, మరుసటి కోతపండుగకు నల్లబల్లమీద ఏ ధర వ్రాసితిరో ఈ పత్రికకు ఒక కార్డు ముక్క వ్రాయుడి.